తాలింపు వాసన రాని ఇల్లు

దేవకృపక్క పోయిన రోజు సమాధుల తోటలో ఆ జనాన్ని చూడగానే నాకు ముందొచ్చింది ఏడుపు కాదు, ఓర్వలేనితనం. ఈ మాట రాయడానికి సిగ్గుపడాలి. కానీ డెబ్బై దాటాక సిగ్గుపడి ఎవరిని మెప్పించాలి? పేట పేటంతా కదిలొచ్చింది. కాలవగట్టు వీధి ఆడవాళ్ళు, పుట్టి బుద్ధెరిగాక సమాధుల తోట గుమ్మం తొక్కనివాళ్ళు, నెత్తిన కొంగు కప్పుకుని ప్రహరీ పక్కన వరసగా నిలబడ్డారు. కర్ర ఊతంతో వచ్చిన ఒక ముసలాయన, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, "మా ఇంటిల్లిపాదికీ టీకాలు ఆవిడ చేతిమీదే అండి" అని చెబుతున్నాడు. ఆవిడ రిటైరయ్యేదాకా చేతిసంచితో గడపగడపా తిరిగిన మనిషి. నేను సూపర్‌వైజరునై, జీపుల్లో తిరిగి, పూలదండతో దిగిపోయినదాన్ని. రేపు నేను పోతే ఎవరెవరొస్తారా అని అక్కడే నిలబడి మనసులో పేర్లు అనుకున్నాను. ఆ పేర్లు మొదటి కీర్తన అయ్యేలోగానే అయిపోయాయి.

పది రోజుల తరవాత ఆవిడ కూతురు కరుణ మా ఇంటికి వచ్చింది. దానికి ఎడమకన్ను కనబడదు. అందుకని గుమ్మంలోకి వచ్చేటప్పుడు తల కాస్త పక్కకి తిప్పి చూసే అలవాటు. చేతిలో ఒక పాత రేకు పెట్టె ఉంది. "అమ్మ సామాన్లు సర్దుతుంటే ఇందులో మీది ఒకటి కనపడిందండి పిన్నిగారూ" అంది. ఆ పెట్టె మూత తీసే ముందు మా ఉద్యోగం సంగతి చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మిషను హాస్టల్లో చదువుకుని, అమలాపురంలో ఇల్లిల్లూ తిరిగి అంటురోగాలు కనిపెట్టే పనిలో చేరాను. మశూచి దేశంలోంచి పోయిందంటున్నా, ఎక్కడైనా ఒక్కటి మిగిలిపోయిందేమోనని వెతికించే రోజులవి. మా చేతికి ఒక అట్ట ఇచ్చారు. దానిమీద ఒళ్ళంతా పొక్కులు పోసిన పసిపిల్ల బొమ్మ ఉండేది. దాన్ని ప్రతి గుమ్మం ముందూ చూపించి, "ఇలాంటిది మీ ఇంట్లో గానీ, ఇరుగుపొరుగున గానీ ఎవరికైనా ఉందా అండీ?" అని అడగాలి. ఆ బొమ్మ చూడగానే ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని లెంపలు వేసుకునేవారు. తలుపు వేసేసేవారు కూడా. జ్వరం, దద్దురు, వాంతులూ విరేచనాలూ అని రిజిస్టరులో మూడు గళ్ళు ఉండేవి. ఇంటింటికీ ఎదురుగా ఉందనో లేదనో రాయాలి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు మూడో గడి నిండేది, ఎందుకంటే ఊరంతా బావుల మీదా చెరువుల మీదా పడేది. మేము బావుల్లో బ్లీచింగు కలిపితే ఆ వాసనకి తిట్టిపోసేవారు. మిగతా రోజుల్లో నా రిజిస్టరు ముత్యాల్లాంటి అక్షరాలతో, పైనుంచి కిందిదాకా లేదు, లేదు, లేదు.

కాలవకి ఇటుపక్క వీధులు నావి, అటుపక్క గట్టు వీధి దేవకృపక్కది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నల్లగా, పొడుగ్గా, పిన్నీసు పెట్టిన చెప్పులతో టపటపా నడిచేది. ఆవిడ రాత కోడి కెలికినట్టుండేది. ఒక వాక్యం రాస్తే రెండు తప్పులు. అయినా ప్రతి శనివారం శానిటరీ ఇన్‌స్పెక్టరు గారి ముందు ఆవిడ రిజిస్టరులో కేసులుండేవి. మూడో ఇంట్లో ఆటలమ్మ, ఆ చివరింట్లో తట్టు, వంతెన పక్కన కామెర్లు. ఇన్‌స్పెక్టరు గారు నా రిజిస్టరు తిప్పి చూసి, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏమమ్మా రత్నం, నీ వీధుల్లో ఉండేవాళ్ళు మనుషులేనా, దేవతలా? దగ్గు కూడా రాదేం?" అనేవారు. అందరూ నవ్వేవారు. దేవకృపక్క మాత్రం నవ్వేది కాదు. అదే నాకు ఇంకా ఒళ్ళుమంట.

వాళ్ళు నన్ను గుమ్మం అవతల నిలబెట్టి మాట్లాడేవారు. మాది ఏ పేటో మా ఇంటిపేరు వింటేనే తెలుస్తుంది కదా. కులం మాత్రమే కారణమైతే కోపం తెచ్చుకుని సరిపెట్టుకునేదాన్ని. కానీ దేవకృపక్కదీ మా పేటే, మా చర్చే. ఆవిడకి మాత్రం అరుగుమీద చాప పడేది. "రండి రండి దేవకృపమ్మగారూ, కూర్చోండి" అనేవారు. ఆవిడ కూర్చుని పిల్లల జడలు వేసేది, మినప్పప్పు బాగుచేసి పెట్టేది, కోడలి మీద అత్త చెప్పే చాడీలూ అత్త మీద కోడలు చెప్పేవీ వినేది. పొరుగువాళ్ళు సరే, మా అమ్మకి కూడా ఆవిడంటే ప్రాణం. ఆదివారం చర్చి నుంచి ఆవిడ మా ఇంటికొస్తే చేపల పులుసులో తలకాయ ఆవిడ పళ్ళెంలోకి వెళ్ళేది. నేనడిగితే, "నువ్వు ఇంట్లో మనిషివే కదే! పాపం అది ఎండలో తిరిగొచ్చింది" అనేది అమ్మ. నేనేమో చెట్టునీడలో తిరిగొచ్చినట్టు!

ఆవిడ దగ్గర ఏదో కిటుకుందని ఒక రోజు వెనకాలే వెళ్ళాను. పొద్దున్న తొమ్మిదిన్నర, పది మధ్య గట్టు వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఏ తలుపూ తట్టకుండా మెల్లగా నడిచింది. ఒక్కో ఇంటి ముందు అర నిమిషం ఆగి, ముక్కు కాస్త ఎత్తి, మళ్ళీ కదిలేది. 'ఓహో, ఏ ఇంట్లో కూర బాగుందో చూసుకుని అక్కడ కూర్చుంటుందన్నమాట!' అనుకున్నాను. ఆ మాట మర్నాడు ఆఫీసులో అన్నాను కూడా. ఆవిడ విని కోప్పడలేదు. పక్కకి పిలిచి చెప్పింది.

"అమ్మవారు పోసిన ఇంట్లో తాలింపు పెట్టరు కదే చెల్లీ. నూనె చిటపటమంటే అమ్మవారికి కోపం. ఆవాలు వెయ్యరు, మిరపకాయ వెయ్యరు, చప్పటి పప్పే. అడిగితే అబద్ధం చెబుతారు. పొయ్యి అబద్ధం చెబుతుందా? వంటవేళకి వీధంతా పోపు వాసనేస్తా ఉంటే, ఒక్క ఇల్లు ఊరుకుందనుకో, ఆ ఇంటి అరుగుమీదే కూర్చోవాలి. బొమ్మ చూపించకు. అమ్మవారు ఎప్పుడొచ్చిందండీ అని మాత్రం అడుగు."

అడక్కుండానే అంత సులువుగా చెప్పేస్తుందని నేననుకోలేదు. దాచుకుని ఉంటే దొంగిలించానన్న తృప్తయినా నాకు మిగిలేది.

వారం తిరక్కుండా నా వీధిలో తాలింపు వాసన రాని ఇల్లు ఒకటి దొరికింది. మూడు రోజులు వరసగా చూశాను. ఆవ గింజ పేలలేదు. ఇక ఆగలేదు నేను. నేరుగా వెళ్ళి ఇన్‌స్పెక్టరు గారినీ టీకాలవాణ్ణీ వెంటబెట్టుకొచ్చాను. వీధివాళ్ళు గుమిగూడారు. లోపలినుంచి ఒక పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, "నాకు కడుపులో పుండండీ. డాక్టరుగారు నూనే కారమూ మానెయ్యమన్నారు. దానికి కూడా టీకా ఉందాండీ?" అన్నాడు. వీధి వీధంతా పగలబడి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. దేవకృపక్క ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, "ముక్కొక్కటే చాలదమ్మా. దండెం మీద పిల్లల బట్టలున్నాయా, ఆ పిల్లలు బళ్ళోకెళ్తున్నారా, అవి కూడా చూసుకోవాలి" అంది. ఓదార్చడానికే వచ్చింది. మా అమ్మ ఆవిడకి కాఫీ ఇచ్చింది. నేను మూతి ముడుచుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆ రోజుల్లోనే ఇంకో మాట తెలిసింది. మా ఇద్దరిలో ఒకరిని కాకినాడలో పెద్ద ట్రైనింగుకి పంపిస్తారట. వెళ్ళొచ్చినవాళ్ళు మెట్టు పైకెక్కుతారు, ఈ గడపలు తిరగడం తప్పుతుంది. పేరు రాసేది ఇన్‌స్పెక్టరు గారు. ఎవరి పేరు రాస్తారో చెప్పడానికి జాతకం చూడక్కరలేదు. నాకు రాత్రీ పగలూ అదే ధ్యాస. ఆవిడకి రాయడం రాదు, ఆవిడకి మొగుడున్నాడు, చిన్నపిల్ల ఉంది, ఆవిడకెందుకు కాకినాడ? అమ్మతో అంటే, "దానికొచ్చినా నీకొచ్చినా ఒకటే కదే" అంది. ఒకటి ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు.

అప్పుడే దేవకృపక్క చెల్లెలికి కాన్పొచ్చింది. ఆవిడ సఖినేటిపల్లి వెళ్ళాలి. అయిదేళ్ళ కరుణని అత్తగారి దగ్గర వదిలి, వెళ్ళే ముందు తన రిజిస్టరు నా చేతిలో పెట్టింది. "వారం రోజులు నా వీధి కూడా చూడమ్మా. సూరమ్మగారి ఇంటి ముందు మాత్రం కాస్త ఆగు. ఆవిడ మనవరాలు లక్ష్మికి ఎప్పుడూ ఒంట్లో బాగోదు. మా కరుణ కూడా రోజూ అక్కడే ఆడతా ఉంటది" అంది.

రెండో రోజు పది గంటలకి గట్టు వీధిలో నడిచాను. ఆ వీధి ఎంత బాగుండేదో ఇప్పుడు చెబితే నమ్మరు. ఒక ఇంట్లో వెల్లుల్లి, ఒక ఇంట్లో ఇంగువ, ఇంకో ఇంట్లో కరివేపాకు నూనెలో పడ్డ చప్పుడు, ఎండుమిరపకాయ ఘాటుకి ఎవరో తుమ్మడం, మధ్యలో కాలవ మీంచి వచ్చే పచ్చి కొబ్బరిపీచు వాసన. సూరమ్మగారి ఇంటి ముందు ఏ వాసనా లేదు. దండెం మీద పిల్ల గౌను లేదు. వేపమండలు వీధి గుమ్మానికి కట్టలేదు గానీ, పెరటి దారి నుంచి చూస్తే నడవ తలుపుకి కట్టి ఉన్నాయి. మా కళ్ళు పడకూడదనే లోపల కట్టారు. సూరమ్మగారు బయటికొచ్చి, "అందరం బాగానే ఉన్నామండి, ఆయ్" అంది. ఆవిడ కళ్ళు నా మొహం మీద నిలవలేదు. నాకు తెలిసిపోయింది. కడుపు పుండాయన ఇంటిదగ్గర లేనివన్నీ ఇక్కడ ఉన్నాయి.

వెళ్ళి అరుగుమీద కూర్చోవచ్చు. ఎప్పుడొచ్చిందండీ అని అడగవచ్చు. ఆఫీసుకి పరిగెత్తవచ్చు. నేను అక్కడే నిలబడి దేవకృపక్క రిజిస్టరు తెరిచి, సూరమ్మగారి పేరుకి ఎదురుగా, నా అందమైన అక్షరాలతో 'లేదు' అని రాశాను. కేసు ఆవిడ వీధిలోది. ఆవిడ వీధిలో, ఆవిడ చాప పరిపించుకునే అరుగు వెనకాల, ఆవిడకి తెలియకుండా బయటపడాలి. ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు పైకి తోసుకుని ఆవిడని అడగాలి. అంతే నేను కోరుకున్నది. ఆ రాత నన్నే పట్టిస్తుందన్న ఆలోచన కూడా నాకు రాలేదు. మర్నాడూ 'లేదు' అనే రాశాను, ఆ మర్నాడూ అంతే. అలా మూడోసారి నేను వెళ్ళేసరికి కరుణ ఆ ఇంటి పెరట్లోంచి గంతులు వేసుకుంటూ వస్తోంది. "లక్ష్మి పడుకునుందండి, నేను కథ చెప్పి వచ్చేను" అంది. ఆ పిల్లని చెయ్యిపట్టుకుని, ఆ ఇంటికి వెళ్ళకమ్మా అని ఒక్క మాట అనలేకపోయాను. అంటే నాకు తెలుసని తెలిసిపోతుంది.

దేవకృపక్క చెప్పినదానికి ఒక రోజు ముందే వచ్చేసింది. పొద్దున్న బస్సు దిగి, సంచి భుజానే ఉండగా గట్టు వీధిలోంచి నడిచి, సూరమ్మగారి ఇంటి ముందు ఆగిపోయిందట. గంటలో ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. మశూచి కాదు, తట్టు. అప్పటికే ఆ వరసలో ఇంకో ఇద్దరికి జ్వరాలు. నేను గోడ పక్కన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "వారం నుంచి ఉంటే ఎందుకు తెలియలేదు? ఎవరు చూస్తున్నారు ఈ వీధి?" అని అరిచారాయన. దేవకృపక్క నా వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపుందో నేను చెప్పలేను.

"రత్నమే పట్టిందండి" అంది. "నాకు కబురంపింది. అందుకే కదండీ నేను ఒక రోజు ముందు వచ్చేసేను. మీకు చెప్పడానికి నా కోసం ఆగింది. తప్పు నాదేనండి, ఆయ్."

ఆ పూటే తన రిజిస్టరు వెనక్కి తీసుకుంది. శనివారం ఆఫీసులో అది నా చేతికొచ్చినప్పుడు గబగబా తెరిచాను. నేను రాసిన కాగితం అందులో లేదు. కుట్టు దగ్గర చింపిన ఆనవాలు ఉంది. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు, నేను ఏమీ చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు గారు, "ఇన్నాళ్ళకి ముక్కు పనిచేసిందే!" అని కాకినాడకి నా పేరు రాశారు.

అది జరిగిన పది రోజులకి కరుణకి జ్వరం వచ్చింది. మొహం నిండా తట్టు పోసింది. ప్రాణం దక్కింది గానీ ఎడమ కంట్లో పువ్వు వేసింది. ఆ పువ్వు ఇప్పటికీ పోలేదు. తట్టుకి టీకా మా దగ్గర ఇంకా లేని రోజులు, ఎలాగైనా వచ్చేదేమో అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! కానీ ఆ పిల్లని ఆ ఇంటికి పోకుండా ఆపడం నా చేతిలో పని. కళ్ళు పోకుండా పిల్లల నోట్లో పోసే విటమిను మందు సీసా నా సంచిలోనే ఉండిపోయింది. కాకినాడ బస్సు ఎక్కే రోజు దేవకృపక్క బస్టాండుకి వచ్చి, అరటిపళ్ళు ఒళ్ళో పెట్టి, "బాగా చదువుకో చెల్లీ" అంది. ఆవిడ చంకలో కంటికి గుడ్డ కట్టిన కరుణ ఉంది. నా ఒళ్ళంతా దహించుకుపోయింది. పశ్చాత్తాపం అందామంటే, పూర్తిగా అది కాదు. ఇంత జరిగినా ఆవిడే పైనుంది, నేనే కిందున్నాను. ఆవిడ నా మీద అరిచి, జుట్టు పట్టుకుని ఈడ్చినా ఇద్దరం సమానమయ్యేవాళ్ళం. ఆ అవకాశం నాకు ఇవ్వలేదు.

ఇప్పుడు మా అపార్టుమెంటుకి కూడా ఆరోగ్యం అమ్మాయిలు వస్తారు. మంచి పిల్లలే, చెమటలు కక్కుతూ మెట్లెక్కి వస్తారు. గుమ్మం ముందు నిలబడి, "ఎవరికైనా జ్వరమా అండీ?" అని అడిగి, ఫోనులో నొక్కుకుని వెళ్ళిపోతారు. ఎన్ని గళ్ళున్నాయో, ఎంత తొందరగా ఎక్కడికి వెళ్ళిపోతాయో! టీకాలు మా కాలంలో కలలోకి కూడా రానన్ని. పిల్లల కళ్ళల్లో పువ్వులు ఇప్పుడు కనపడవు, అందుకు దేవుడికి స్తోత్రం. కానీ వంటింట్లో పొగ గొట్టం ఫ్యాను తిరుగుతుంటే పక్కింట్లో తాలింపు పెట్టారో లేదో ఎవరికి తెలుస్తుంది? పోయినేడు నేను నాలుగు రోజులు జ్వరంతో పడుకున్నాను. తలుపు తీసే ఓపిక లేక లోపలినుంచే "ఏం లేదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి సరేనండి అని వెళ్ళిపోయింది. దాని తప్పేముంది, నేనూ అలాగే రాసుకున్నదాన్నే.

కరుణ రేకు పెట్టె మూత తీసింది. అడుగున, పాత బైబిలు కింద, మడతలు పడి పసుపెక్కిన కాగితం. కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "అమ్మ రాత కాదండి, ఎంత బాగుందో. మీదే కదండీ? మీ చేతిరాత అంటే అమ్మకి ఎంతిష్టమో! నాకు అక్షరాలు దిద్దించేటప్పుడు కూడా రత్నం పిన్నిలా రాయాలే అనేది. అందుకే దాచుకుందేమో. ఇది మీకిద్దామని తెచ్చేనండి" అంది.

తీసుకున్నాను. పైనుంచి కిందిదాకా లేదు, లేదు, లేదు. మధ్యలో సూరమ్మగారి పేరు. 'అవునమ్మా, నాదే' అని ఊరుకుంటే సరిపోయేది. ఆ పిల్ల నవ్వుతూ వెళ్ళిపోయేది. దాదాపు యాభై ఏళ్ళు ఊరుకున్నదాన్ని, ఇంకో నాలుగేళ్ళు ఊరుకోలేనా? కానీ దేవకృపక్క తన కూతురికి కూడా చెప్పలేదన్న సంగతి అప్పుడే తెలిసింది నాకు. కన్ను పోయిన పిల్లకి నన్ను మంచిదాన్నిగా చూపించి పోయింది. అది నేను భరించలేకపోయాను. ఆ ఇంటి పేరు మీద వేలు పెట్టి, మొదటినుంచీ అంతా చెప్పాను. పెరట్లోంచి గంతులు వేస్తూ తను రావడం, నేను చూసి ఊరుకోవడం, విటమిను సీసా, అన్నీ.

కరుణ తల పక్కకి తిప్పి, ఆ ఒక్క కంటితో నన్ను చూసింది. "లక్ష్మికి ఏం కథ చెప్పేనో గుర్తు లేదండి" అంది. తరవాత నా చేతిలోంచి కాగితం తీసుకుని, అదే మడతల మీద మడిచి, పెట్టెలో పెట్టుకుని మూత వేసింది. "ఇది నా దగ్గరే ఉంచుకుంటానండి" అంది. వెళ్ళొస్తాను అనలేదు. మెట్ల మీద అలికిడి కిందిదాకా విన్నాను.

గడియారం చూస్తే పది అయింది. వంటింట్లోకి వెళ్ళాను. పప్పు ఉడికి ఉంది. ఆవాల డబ్బా చేతిలోకి తీసుకుని, కాసేపు పట్టుకుని, మళ్ళీ అరలో పెట్టేశాను. ఆ పూట మా ఇంట్లో తాలింపు పెట్టలేదు. దేవకృపక్కే బతికుండి మా వీధిలోంచి నడిచి ఉంటే, మా గుమ్మం ముందు ఆగేది.